వేలు తాకితే లైటు వెలగడం: టచ్ సెన్సర్‌కూ బల్బుకూ మధ్య రాస్ప్‌బెర్రీ పై చేసేదేమిటి?

ఎలక్ట్రీషియన్ జేబులో ఉండే టెస్టర్‌ను అందరూ చూసే ఉంటారు. చిన్న స్క్రూడ్రైవర్‌లా ఉంటుంది, లోపల నియాన్ బల్బు. మొనను ఫేజ్‌కు ఆనించి, పిడి చివర ఉన్న లోహపు బిళ్లను వేలితో తాకితే బల్బు ఎర్రగా వెలుగుతుంది. విచిత్రం ఏమిటంటే, రబ్బరు చెప్పులు వేసుకుని చెక్క స్టూలు ఎక్కి నిలబడినా, మసకగానైనా అది వెలుగుతుంది. కరెంటు నేలలోకి పోయే దారి మూసేశాం కదా, మరి బల్బు ఎలా వెలిగింది?

మన ఒళ్లే ఒక కెపాసిటర్, అంటే విద్యుత్ చార్జిని కొద్దిగా దాచుకునేది. ఎంత దాచుకోగలదో చెప్పే కొలత కెపాసిటెన్స్. మనిషి శరీరానికీ నేలకూ మధ్య సుమారు 100 పికోఫారడ్ల కెపాసిటెన్స్ ఉంటుందని ఇంజినీర్లు లెక్క వేస్తారు. మన లైన్లలో కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. అలా ఊగే కరెంటు కెపాసిటర్ గుండా కొద్దిగా ప్రవహించగలదు. 230 వోల్టులకు, 100 పికోఫారడ్లకు లెక్క కడితే అది దాదాపు 7 మైక్రోఆంపియర్లు. మనకు తెలియనంత తక్కువ. నియాన్ బల్బు మసకగా వెలగడానికి మాత్రం చాలు.

టచ్ సెన్సర్‌కు ఆధారం కూడా మన ఒంటికి ఉన్న ఈ గుణమే. వేలు దగ్గరికి వస్తే కెపాసిటెన్స్ పెరుగుతుంది, ఆ పెరుగుదలను ఒక చిప్ కొలుస్తుంది. ఇది కొత్త సంగతేమీ కాదు. 1965లోనే బ్రిటన్‌లోని మాల్వెర్న్ రాడార్ పరిశోధన కేంద్రంలో ఇ. ఎ. జాన్సన్ అనే ఇంజినీరు వేలితో తాకి పనిచేయించే తెర గురించి రాశారు. ఇప్పుడు అదే పని చేసే గోరంత చిప్ హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో కొన్ని పదుల రూపాయలకు దొరుకుతోంది. స్కూళ్ల టింకరింగ్ ల్యాబుల్లో, ఇంజినీరింగ్ కాలేజీల మినీ ప్రాజెక్టుల్లో, ఇంట్లో సరదాగా చేసే ప్రయోగాల్లో దాన్ని రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డుకు తగిలించి లైటు వెలిగించడం చాలామందికి మొదటి పాఠం.

మొదటి పాఠమే అయినా దీనిలో చిక్కులు తక్కువేమీ కాదు. ముట్టుకోకుండానే లైటు వెలుగుతుంది. ముట్టుకుంటే ఒకసారి వెలిగి, ఒకసారి వెలగదు. కరెంటు పోయి రాగానే రిలే (కాయిల్‌లో చిన్న కరెంటు పంపితే పెద్ద కరెంటును కలిపే, విడదీసే స్విచ్) టక్కుమని కొట్టుకుంటుంది. నేను చూసినంతలో ఈ తిప్పలకు చాలావరకు మూలం ఒకటే: బోర్డు తాకుడును గుర్తిస్తుంది, బోర్డు లైటును వెలిగిస్తుంది అనుకోవడం. నిజానికి ఆ రెండు పనుల్లో ఏదీ బోర్డు చేయదు.

బోర్డు, సెన్సర్, రిలే: ఎవరి పని ఏది

రాస్ప్‌బెర్రీ పై అంటే ఏటీఎం కార్డంత కంప్యూటర్. బ్రిటన్‌లోని కేంబ్రిడ్జ్‌లో పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పాలన్న ఆలోచనతో పుట్టి, 2012 ఫిబ్రవరి 29న అమ్మకానికి వచ్చింది. లోపల లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ నడుస్తుంది. మానిటరు, కీబోర్డు పెట్టుకుంటే మామూలు కంప్యూటరే. మామూలు కంప్యూటర్లో లేనిది అంచున వరుసగా ఉండే పిన్నులు. 2014 నుంచి వచ్చిన ముఖ్యమైన మోడళ్లన్నిటిలో ఇవి 40. (తెలుగులో 'పై' అంటే మీద అని కూడా అర్థం కాబట్టి, ఇక్కడి నుంచి దీన్ని ఎక్కువగా 'బోర్డు' అనే అంటాను.)

ఆ 40 పిన్నుల్లో కొన్ని కరెంటు ఇచ్చేవి, కొన్ని గ్రౌండ్ (సున్నా వోల్టుల వైపు), మిగతావి మనం ప్రోగ్రాముతో నడపగలిగేవి. వీటినే జీపీఐఓ పిన్నులు అంటారు. ఒక్కో పిన్నుకు వచ్చింది రెండే మాటలు: సున్నా వోల్టులు లేదా 3.3 వోల్టులు. ఇన్‌పుట్‌గా పెడితే బయటి వోల్టేజీ చూసి 'ఉంది', 'లేదు' అని చెబుతుంది. అవుట్‌పుట్‌గా పెడితే తానే ఆ వోల్టేజీ ఇస్తుంది. మధ్యరకం విలువలను కొలవడం దీనికి చేతకాదు.

రెండోది సెన్సర్. హాబీ ప్రాజెక్టుల్లో ఎక్కువగా కనిపించేది టీటీపీ223 అనే చిప్ ఉన్న చిన్న మాడ్యూల్. దానికి మూడు కాళ్లు: కరెంటు, గ్రౌండ్, అవుట్‌పుట్. వేలు పెడితే అవుట్‌పుట్‌లో వోల్టేజీ వస్తుంది, తీస్తే పోతుంది.

మూడోది లైటును నిజంగా వెలిగించే భాగం. చిన్న ఎల్ఈడీకైతే ఒక రెసిస్టర్, 12 వోల్టుల ఎల్ఈడీ స్ట్రిప్‌కైతే మాస్‌ఫెట్ (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్), ఇంటి బల్బుకైతే రిలే.

తాకుడును కొలవడం అంటే ఎంత చిన్న తేడాను పట్టుకోవడం?

సెన్సర్ మాడ్యూల్ మీద గుండ్రంగా కనిపించేది కేవలం ఒక రాగి బిళ్ల. దాని మీద వేలు పెట్టినప్పుడు బిళ్ల ఒక పలక, వేలు ఇంకో పలక, మధ్యలో ఉన్న ప్లాస్టిక్కో గాజో వాటిని విడదీసే పొర. ఇంటర్మీడియట్ ఫిజిక్స్‌లో చదివిన సమాంతర పలకల కెపాసిటర్ ఇదే. వైశాల్యం పెరిగితే కెపాసిటెన్స్ పెరుగుతుంది, మధ్య దూరం పెరిగితే తగ్గుతుంది.

లెక్క కట్టి చూద్దాం. వేలి కొస ఆనే చోటు ఒక చదరపు సెంటీమీటరు అనుకుందాం. మధ్యలో 3 మిల్లీమీటర్ల యాక్రిలిక్ షీటు ఉంది, దాని డైఎలక్ట్రిక్ విలువ (మధ్య పొర కెపాసిటెన్స్‌ను ఎన్ని రెట్లు పెంచుతుందన్న అంకె) సుమారు 3. ఫార్ములాలో వేస్తే వచ్చేది దాదాపు 0.9 పికోఫారడ్. యాక్రిలిక్ తీసి అదే మందం గాజు పెడితే, గాజు విలువ సుమారు 7 కాబట్టి, 2 పికోఫారడ్లు దాటుతుంది. షీటు సరిగ్గా అతుక్కోక మధ్యలో గాలి చేరిందంటే కథ మారిపోతుంది. గాలి విలువ 1. మొత్తం 3 మిల్లీమీటర్లూ గాలే అయితే కెపాసిటెన్స్ 0.3 పికోఫారడ్‌కు పడిపోతుంది.

చెక్క పెట్టె మూత కింద సెన్సర్ దాచి, పైనుంచి తాకితే పనిచేయలేదని నిరాశపడేవాళ్లకు సమాధానం ఈ అంకెల్లోనే ఉంది. చాలాసార్లు చెక్క మందం కంటే చెక్కకూ సెన్సర్‌కూ మధ్య మిగిలిపోయిన సన్నని గాలి పొరే ఎక్కువ చెడగొడుతుంది. అతికించే విధానం సరిచేస్తే అదే సెన్సర్ అదే చెక్క కింద పనిచేయడం నేను చూశాను. లోహపు మూత మాత్రం వేరే సంగతి. గ్రౌండ్‌కు కలిసిన లోహం అడ్డం ఉంటే వేలు ప్రభావం కిందికి దిగదు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. బిళ్లకూ దాని వైరుకూ చుట్టుపక్కల వస్తువులకూ మధ్య అప్పటికే ఎంతో కొంత కెపాసిటెన్స్ ఉంటుంది. అది 10 పికోఫారడ్లు అనుకుంటే, వేలు తెచ్చేది దాని మీద మరో ఒకటో రెండో. అందుకే టీటీపీ223 కరెంటు రాగానే దాదాపు అర సెకను పాటు ఏమీ చెప్పకుండా చుట్టూ పరిస్థితిని కొలుచుకుంటుంది. 'ఎవరూ ముట్టుకోనప్పుడు ఇంత' అని ఒక గీత గీసుకుంటుంది. ఆ తర్వాత కూడా, ఎవరూ తాకని సమయాల్లో కొన్ని సెకన్లకోసారి ఆ గీతను సరిచేసుకుంటూ ఉంటుంది. కరెంటు ఇచ్చే క్షణంలో వేలు బిళ్ల మీదే ఉందంటే, ఆ వేలితో కలిపే గీత గీసుకుంటుంది. ప్రయోగం మొదలుపెట్టిన మొదటి నిమిషంలో 'సెన్సర్ పాడైంది' అనిపించడానికి ఇదొక కారణం.

ఆ కొలత బోర్డే చేయవచ్చు కదా?

సహజమైన ప్రశ్నే. ఇంత శక్తి ఉన్న కంప్యూటర్ దగ్గర పెట్టుకుని, చిన్న చిప్ వేరే ఎందుకు? ఈఎస్‌పీ32 లాంటి మైక్రోకంట్రోలర్లలో (ఒకే చిప్‌లో ఉండే చిన్న కంప్యూటర్లు) టచ్‌ను కొలిచే పిన్నులు చిప్‌లోనే ఉంటాయి. రాస్ప్‌బెర్రీ పైలో లేవు.

కెపాసిటెన్స్‌ను కొలిచే తేలికైన పద్ధతి, ఒక పెద్ద రెసిస్టర్ గుండా దాన్ని నింపి, నిండడానికి పట్టే సమయం చూడడం. ఒక మెగాఓమ్ రెసిస్టర్, 10 పికోఫారడ్లు ఉంటే ఆ సమయం 10 మైక్రోసెకన్లు. వేలు పెట్టాక 12 పికోఫారడ్లు అయితే 12 మైక్రోసెకన్లు. అంటే తాకారా లేదా అన్నది తేల్చేది 2 మైక్రోసెకన్ల తేడా.

లినక్స్ ఒకేసారి చాలా పనులు చూసుకుంటుంది. మన ప్రోగ్రామును మధ్యలో ఆపి వైఫై సంగతి చూస్తుంది, మెమరీ కార్డు మీద ఏదో రాస్తుంది, మళ్లీ మన దగ్గరికి వస్తుంది. ఆ మధ్యలో పదుల, ఒక్కోసారి వందల మైక్రోసెకన్లు గడిచిపోతాయి. 2 మైక్రోసెకన్ల తేడా అందులో కొట్టుకుపోతుంది. బోర్డు వేగం తక్కువని కాదు. సరిగ్గా అనుకున్న క్షణానికి అక్కడ ఉంటానన్న హామీ లినక్స్ ఇవ్వదు, అంతే. టీటీపీ223కు వేరే పనే లేదు కాబట్టి ఈ కొలతను నిక్కచ్చిగా చేస్తుంది. ఒకటికి మించిన బిళ్లలు కావాలనుకునేవారు 12 బిళ్లలను చూసుకునే ఎంపీఆర్121 లాంటి చిప్ వాడతారు. అది రెండే వైర్ల మీద బోర్డుతో మాట్లాడుతుంది.

కాబట్టి బోర్డుకు చేరేది తాకుడు కాదు, 'తాకారు' అన్న తీర్పు. తీర్పు తప్పుగా వస్తుంటే ప్రోగ్రామును ఎన్నిసార్లు తిరగరాసినా ఒరిగేది తక్కువ.

ముట్టుకోకుండానే వెలిగే లైటు

చార్జింగ్‌లో పెట్టిన ఫోను తెర తనంతట తాను నొక్కుకోవడం చాలామందికి అనుభవమే. చవక చార్జరు పెడితే టైపు చేస్తున్న అక్షరం ఒకటి, పడేది ఒకటి. రెండు పిన్నుల చార్జరుతో ల్యాప్‌టాప్ వాడుతూ దాని లోహపు ఒంటిని తాకితే వేళ్లకు సన్నగా జివ్వుమనడమూ తెలిసిందే. ఈ రెండిటికీ మూలం ఒకటే. ఎర్త్ కనెక్షన్ లేని అడాప్టరులో అవుట్‌పుట్ వైపు గ్రౌండ్ నిజంగా నేలతో కలిసి ఉండదు. నేలతో పోలిస్తే అది సన్నగా ఊగుతూ ఉంటుంది.

టచ్ సెన్సర్‌కు ఇది నేరుగా తగులుతుంది. సెన్సర్ తన గ్రౌండ్‌తో పోల్చి కొలుస్తుంది, మన ఒళ్లు నేలతో ముడిపడి ఉంది. ఆ రెండూ ఒకదానితో పోలిస్తే ఒకటి ఊగుతుంటే, తాకకపోయినా తాకినట్టు, తాకినా తాకనట్టు అనిపిస్తుంది. నా బల్ల మీద పగలంతా బుద్ధిగా నడిచిన సెన్సర్, కరెంటు పోయి ఇల్లు ఇన్వర్టర్ మీదకు మారగానే దానంతట అదే లైటు వెలిగించడం మొదలుపెట్టింది. రెండు సాయంత్రాలు ప్రోగ్రాములో తప్పు వెతికాను. మంచి అడాప్టరుకు మార్చాక ఆగింది.

వైరు పొడవు ఇంకో కారణం. బిళ్లకూ చిప్‌కూ మధ్య వైరు వేస్తే ఆ వైరు కూడా బిళ్లలో భాగమే అవుతుంది. గోడలో కరెంటు వైర్ల పక్కనే మీటరు పొడవున లాగితే 50 హెర్ట్జ్ ఊపునంతా లోపలికి తెస్తుంది. చిప్ నుంచి బోర్డుకు వెళ్లే వైరు మాత్రం ఇంత సుకుమారం కాదు. అందులో నడిచేది ఉంది, లేదు అన్న వోల్టేజీ. అందుకే అనుభవం ఉన్నవాళ్లు చిప్‌ను బిళ్ల పక్కనే ఉంచి, పొడవు ఎంత కావాలన్నా చిప్‌కూ బోర్డుకూ మధ్య ఉంచుతారు.

వంటగది గట్టు దగ్గర పెట్టినవాళ్లకు నీళ్లతో తంటా. నీటి డైఎలక్ట్రిక్ విలువ 80 చుట్టూ ఉంటుంది. బిళ్ల మీద పరుచుకున్న నీటి పొర చిప్‌కు వేలులాగే కనిపించవచ్చు.

ఇక మరో వైపు నుంచి వచ్చే తప్పు. సెన్సర్ అవుట్‌పుట్ వైరు బ్రెడ్‌బోర్డులో (టంకం లేకుండా వైర్లు గుచ్చే పలకలో) వదులైతే, బోర్డు పిన్ను గాలిలో వేలాడుతున్నట్టే. అలాంటి పిన్ను దగ్గరికి చెయ్యి తెచ్చినా దాని విలువ మారిపోతుంది. చూసేవారికి సెన్సర్ పనిచేస్తున్నట్టే అనిపిస్తుంది. పిన్నును లోపలినుంచే సున్నా వైపు మెల్లగా లాగి ఉంచే పుల్‌డౌన్ సదుపాయం బోర్డులో ఉన్నది ఇందుకే.

వోల్టేజీ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. టీటీపీ223 మాడ్యూల్ 2 నుంచి 5.5 వోల్టుల వరకు దేనిమీదైనా నడుస్తుంది. 5 వోల్టులు ఇస్తే దాని అవుట్‌పుట్ కూడా 5 వోల్టుల దగ్గరే ఉంటుంది. బోర్డు పిన్నులు తట్టుకునేది 3.3 మాత్రమే. బోర్డు మీద 3.3 వోల్టుల పిన్ను, 5 వోల్టుల పిన్ను పక్కపక్కనే, ఒకటో నంబరు, రెండో నంబరు. ఒక్క పిన్ను పక్కకు జరిగితే సెన్సర్ బాగానే పనిచేస్తుంది, బోర్డు పిన్ను దెబ్బతింటుంది.

ఒక్క తాకుడు, రెండు వందల మార్పులు

తీర్పు సరిగ్గానే వస్తోంది అనుకుందాం. ఇప్పుడు ప్రోగ్రాము. 'తాకితే లైటు స్థితి మార్చు': వెలుగుతుంటే ఆర్పు, ఆరి ఉంటే వెలిగించు. దీన్ని ఉన్నది ఉన్నట్టు రాసి, ఆగకుండా తిరిగే లూప్‌లో పెడితే ఏమవుతుంది?

లూప్ మిల్లీసెకనుకు ఒకసారి తిరుగుతుంది అనుకుందాం. మామూలుగా వేలు పెట్టి తీస్తే 200 మిల్లీసెకన్లు. ఆ కాసేపట్లో లూప్ 200 సార్లు 'తాకి ఉంది' అని చూస్తుంది, 200 సార్లు స్థితి మారుస్తుంది. సరిసంఖ్య కాబట్టి చివరికి లైటు మొదట ఎలా ఉందో అలాగే ఉంటుంది. తర్వాతి తాకుడు 201 మిల్లీసెకన్లయితే మారుతుంది. చూసేవారికి లైటు ఇష్టం వచ్చినట్టు ప్రవర్తిస్తున్నట్టు ఉంటుంది. సెన్సర్ మీద అనుమానం వస్తుంది, కొత్తది కొంటారు, అదీ అలాగే చేస్తుంది.

ఇక్కడ కావాల్సింది 'తాకి ఉంది' అన్న స్థితి కాదు, 'ఇప్పుడే తాకారు' అన్న సంఘటన. సున్నా నుంచి ఒకటికి మారిన క్షణాన్ని ఎడ్జ్ అంటారు. క్రితంసారి చూసిన విలువ గుర్తుపెట్టుకుని, అప్పుడు లేదు, ఇప్పుడు ఉంది అంటేనే పని చేసేలా రాయవచ్చు. లేదా ఆ మార్పు వచ్చినప్పుడు నన్ను లేపు అని లైబ్రరీకి (ముందే రాసి ఉంచిన కోడ్‌కు) అప్పజెప్పి ప్రోగ్రామును నిద్రపుచ్చవచ్చు. పైథాన్‌లో జీపీఐఓ జీరో లైబ్రరీ ఈ రెండో పద్ధతిని చాలా సులువు చేసింది. టచ్ సెన్సర్‌ను మామూలు బటన్‌గా చెప్పి, నొక్కినప్పుడు ఏం చేయాలో ఒక్క వరుసలో రాస్తే సరిపోతుంది. ఆ బటన్ నొక్కితే వోల్టేజీ పెరుగుతుందని చెప్పడం మాత్రం మర్చిపోకూడదు. మామూలుగా ఆ లైబ్రరీ నొక్కితే సున్నా అవుతుందని అనుకుంటుంది.

పాత పాఠాలు చూసి నేర్చుకునేవారిని ఇబ్బంది పెట్టే సంగతులు ఇంకో రెండు. పిన్నులకు రెండు రకాల నంబర్లు ఉన్నాయి. జీపీఐఓ 17 అన్నది వరుసలో 11వ పిన్ను, 18 అన్నది 12వది. పాఠం ఏ లెక్కలో రాశారో చూడకపోతే వైరు తప్పు చోట పడుతుంది. రెండోది, చాలా పాఠాల్లో కనిపించే ఆర్‌పీఐ.జీపీఐఓ లైబ్రరీ 2023లో వచ్చిన ఐదో తరం బోర్డు మీద పనిచేయదు. అందులో పిన్నులను నడిపేది ఆర్‌పీ1 అనే వేరే చిప్. ప్రోగ్రాములో తప్పేమీ లేకపోయినా ఎర్రర్ వస్తుంటే టెన్షన్ పడే ముందు ఏ బోర్డో, ఏ లైబ్రరీయో చూసుకోవడం మేలు.

లైటు వెలిగి ఉందని ఎవరికి తెలియాలి?

టీటీపీ223 మాడ్యూల్ మీద టంకం పెట్టి కలిపే చిన్న జాగాలు రెండు ఉంటాయి. వాటిలో ఒకటి కలిపితే సెన్సరే 'ఒకసారి తాకితే ఆన్, మళ్లీ తాకితే ఆఫ్' అని గుర్తుపెట్టుకుంటుంది. అప్పుడు ప్రోగ్రాములో ఎడ్జ్ గొడవే లేదు. పిన్ను ఎలా ఉంటే లైటు అలా.

ఈ పద్ధతిని మెచ్చుకునేవారి వాదనలో బలం ఉంది. ప్రోగ్రాము చిన్నదవుతుంది, తప్పులు తగ్గుతాయి, ప్రోగ్రాము మధ్యలో ఆగి మళ్లీ మొదలైనా సెన్సర్‌కు కరెంటు ఉన్నంతసేపు స్థితి పోదు. అయితే లైటును నడిపేది ఆ ఒక్క సెన్సరే అయినంతకాలమే ఇది బాగుంటుంది. ఫోను నుంచి కూడా ఆర్పాలనుకోండి. ఫోను నుంచి ఆర్పారు. సెన్సర్ మాత్రం ఇంకా 'ఆన్' అనే అనుకుంటోంది. ఇప్పుడు వేలు పెడితే అది 'ఆఫ్' అంటుంది. లైటు ఆరే ఉంది కాబట్టి ఏమీ జరగదు. రెండోసారి తాకితేగానీ వెలగదు.

మెట్ల లైటుకు కిందొకటి, పైనొకటి స్విచ్ ఉంటుంది చూడండి, టూ-వే స్విచ్. కింద వేసి, పైకి వెళ్లి ఆర్పుతాం. ఆ స్విచ్‌లకు ఆన్, ఆఫ్ అన్న గుర్తులే ఉండవు. ఎటువైపు నొక్కినా మార్పు వస్తుంది. తాకుడును కూడా అలా 'మార్చు' అన్న సంకేతంగానే పంపి, స్థితిని ఒకే చోట, అంటే ప్రోగ్రాములో ఉంచితే ఎన్ని సెన్సర్లు, ఎన్ని ఫోన్లు కలిసినా గందరగోళం ఉండదు. ఒక్క బిళ్ల, ఒక్క బెడ్ ల్యాంపు అయితే సెన్సర్‌కే వదిలేయడంలో తప్పు లేదు. అప్పుడు నిజానికి బోర్డు కూడా అక్కర్లేదు.

3.3 వోల్టుల నుంచి 230 వోల్టుల దాకా

బోర్డు పిన్ను ఇవ్వగలిగే కరెంటు మహా అయితే 16 మిల్లీఆంపియర్లు. ఒక ఎర్ర ఎల్ఈడీకి సుమారు 2 వోల్టులు కావాలి. 3.3 నుంచి 2 తీస్తే మిగిలే 1.3 వోల్టులను 330 ఓమ్‌ల రెసిస్టర్‌తో భాగిస్తే దాదాపు 4 మిల్లీఆంపియర్లు. ఇది హాయిగా సరిపోతుంది. రెసిస్టర్ లేకుండా పెడితే ఎల్ఈడీకో పిన్నుకో ఎప్పుడో ఒకప్పుడు దెబ్బే.

12 వోల్టుల స్ట్రిప్ అయితే కరెంటు ఆంపియర్లలో ఉంటుంది. పిన్ను మాస్‌ఫెట్‌కు సైగ చేస్తుంది, మాస్‌ఫెట్ కరెంటును మోస్తుంది. చాలామంది చేతికి దొరికిన ఐఆర్ఎఫ్‌జెడ్44ఎన్ పెట్టి స్ట్రిప్ మసకగా ఉందని, మాస్‌ఫెట్ కాలిపోతోందని బాధపడతారు. అది పూర్తిగా తెరుచుకోవాలంటే గేటుకు, అంటే సైగ అందుకునే కాలుకు, 10 వోల్టుల దాకా కావాలి. 3.3 వోల్టులకు సగమే తెరుచుకుంటుంది. తక్కువ వోల్టేజీకే తెరుచుకునే లాజిక్ లెవెల్ రకాలు వేరే ఉన్నాయి.

ఇంటి బల్బు దగ్గరికి వచ్చేసరికి రిలే. హాబీ మాడ్యూళ్లలో ఉండే నీలం డబ్బా లాంటి 5 వోల్టుల రిలే కాయిల్‌కు 70 మిల్లీఆంపియర్లు కావాలి. పిన్ను ఇవ్వగలిగే దానికి నాలుగు రెట్ల పైమాటే. అందుకే మాడ్యూల్ మీద ట్రాన్సిస్టర్ ఉంటుంది, కాయిల్ ఆగినప్పుడు వచ్చే ఎదురు వోల్టేజీని మింగే డయోడ్ ఉంటుంది. చాలా మాడ్యూళ్లు తిరగేసి పనిచేస్తాయి: పిన్ను సున్నా అయితే రిలే ఆన్, పిన్ను పైకి వెళ్తే ఆఫ్. 5 వోల్టుల సంకేతం కోసం చేసిన కొన్ని మాడ్యూళ్లకు బోర్డు ఇచ్చే 3.3 వోల్టులు 'పైన' అనిపించదు. రిలే ఒకసారి పట్టుకున్నాక వదలదు.

అసలు ఇంటి కరెంటు జోలికి వెళ్లాలా అన్న దగ్గర అనుభవజ్ఞులే రెండుగా చీలిపోతారు. రిలేలో కాయిల్‌కూ కాంటాక్టుకూ మధ్య ఖాళీ ఉంది, 10 ఆంపియర్లు, 250 వోల్టులు అని దాని మీదే రాసి ఉంది, డబ్బాలో బిగించి జాగ్రత్తగా చేస్తే భయమేమిటి అన్నది ఒక మాట. రిలే మంచిదే కావచ్చు, అది కూర్చున్న మాడ్యూల్ మీద 230 వోల్టుల రాగి గీత, 5 వోల్టుల రాగి గీత ఎంత దగ్గరగా ఉన్నాయో చూశారా అన్నది రెండో మాట. 10 ఆంపియర్ల అంకె హీటరు లాంటి లోడ్‌కు సంబంధించింది. ఎల్ఈడీ బల్బులు వెలిగే క్షణంలో లోపలి కెపాసిటర్ నిండడానికి ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతాయి. నాలుగైదు బల్బులు ఒకే రిలే మీద ఉంటే కాంటాక్టులు అతుక్కుపోవచ్చు. రిలేను ఫేజ్‌లో కాక న్యూట్రల్‌లో పెడితే ఇంకా ప్రమాదం. లైటు ఆరి ఉంటుంది, హోల్డర్‌లో ఫేజ్ ఉంటుంది. బల్బు మార్చబోయినవారికి షాక్.

నా మొగ్గు రెండో పక్షం వైపే, ముఖ్యంగా పిల్లలు చేసే ప్రాజెక్టుల్లో. 12 వోల్టుల స్ట్రిప్‌తో నేర్చుకోవాల్సిందంతా నేర్చుకోవచ్చు. ఇంటి బల్బే కావాలంటే, వైఫైతో నడిచే రెడీమేడ్ స్మార్ట్ ప్లగ్‌కు బోర్డు నుంచి సందేశం పంపే మార్గం ఉంది. వైర్లు విప్పే పనే ఉండదు. బదులుగా వైఫై మీద ఆధారపడాలి.

కరెంటు పోయి వచ్చినప్పుడు

ప్రోగ్రాము పిన్నును అవుట్‌పుట్‌గా పెట్టే క్షణంలో మొదటి విలువ ఏమిటో చెప్పకపోతే, సాధారణంగా అది సున్నా. తిరగేసి పనిచేసే రిలేకు సున్నా అంటే ఆన్. అర్ధరాత్రి కరెంటు వచ్చింది, బోర్డు మేల్కొంది, ప్రోగ్రాము మొదలైంది, గదిలో లైటు వెలిగింది. దెయ్యం పని ఏమీ లేదు. లైబ్రరీకి ఇది తిరగేసి పనిచేసేదని ముందే చెబితే ఈ సమస్య తీరుతుంది.

ఇంకో ఇబ్బంది సమయం. మామూలు స్విచ్‌కు కరెంటు రాగానే లైటు. బోర్డు లినక్స్‌ను లేపుకుని ప్రోగ్రాము నడిపేసరికి అర నిమిషం దాకా పట్టవచ్చు, ఆలోగా ఎంత తాకినా లాభం లేదు. మెమరీ కార్డు మీద ఏదో రాస్తుండగా కరెంటు పోతే ఫైళ్లు పాడై బోర్డు అసలు లేవకపోవచ్చు కూడా. కార్డును చదవడానికి మాత్రమే ఉంచే ఓవర్‌లే పద్ధతి బోర్డు సెట్టింగుల్లోనే ఉంది. కరెంటు తరచూ పోయే ఊళ్లలో అది చాలా పనికొస్తుంది.

బల్బు కంటే బోర్డే ఎక్కువ కరెంటు తింటే?

ఒక 9 వాట్ల ఎల్ఈడీ బల్బు రోజుకు 5 గంటలు వెలిగితే నెలకు 1.35 యూనిట్లు. నాలుగో తరం బోర్డు ఊరికే కూర్చున్నా సుమారు 3 వాట్లు లాగుతుందనుకుంటే, 24 గంటలూ ఆన్‌లో ఉండాలి కాబట్టి నెలకు 2.16 యూనిట్లు. లైటు కంటే లైటుకు పెట్టిన కాపలా ఖర్చు ఎక్కువ. ఇది చూసి, ఒక్క లైటుకు రాస్ప్‌బెర్రీ పై పెట్టడం వృథా అనేవారి మాట కాదనలేం. వాళ్లు సూచించే, రాస్ప్‌బెర్రీ పై వాళ్లదే అయిన పికో అనే మైక్రోకంట్రోలర్ బోర్డు 2021లో 4 డాలర్లకే వచ్చింది. లినక్స్ లేదు, కరెంటు రాగానే పనిలోకి దిగుతుంది, పాడయ్యే మెమరీ కార్డూ లేదు.

అవతలివారి మాటా వినాలి. వాళ్ల ఇంట్లో ఆ బోర్డు లైటు కోసం మాత్రమే లేదు. కెమెరా చూస్తుంది, పాటలు నడుపుతుంది, ఇంట్లోని మిగతా పరికరాలకు కేంద్రంగా ఉంటుంది. అప్పటికే నడుస్తున్న దానికి ఒక సెన్సర్ తగిలిస్తే అదనపు కరెంటు దాదాపు సున్నా. నేర్చుకునేవారి విషయంలో ఇంకో లాభం ఉంది. తప్పు ఎక్కడుందో అదే బోర్డు మీద, అదే తెరపై చూసుకుంటూ సరిదిద్దుకోవచ్చు.

టచ్ అవసరమా అన్నది విడిగా ఉన్న చర్చ. కొత్త అపార్ట్‌మెంట్లలో గాజు పలకల టచ్ బోర్డులు పెట్టించుకుంటున్నారు. చూడ్డానికి బాగుంటాయి, అరిగే భాగం లేదు. చూపు సరిగా లేని పెద్దవాళ్లకు మాత్రం చీకట్లో గోడ తడిమితే చేతికి తగిలే స్విచ్ కావాలి. గాజు పలకను తడమడమే నొక్కడం అయిపోతుంది. మా ఇంట్లో అమ్మకు ఎదురైన ఇబ్బంది ఇదే.

మెట్ల దగ్గర మేము చివరికి చేసింది ఇది. రిలేకు మూడు కాంటాక్టులు ఉంటాయి. మధ్యది ఒకటి, కాయిల్ స్థితిని బట్టి అది కలిసే చివరలు రెండు. టూ-వే స్విచ్‌లో ఉండేదీ సరిగ్గా అదే. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, పైనున్న టూ-వే స్విచ్ స్థానంలో రిలే పెట్టించాం, కింది స్విచ్‌ను కదపలేదు. ఇప్పుడు పైన తాకినా మారుతుంది, కింద నొక్కినా మారుతుంది. బోర్డు చెడిపోయినా కింది స్విచ్ పనిచేస్తుంది. పోగొట్టుకున్నది ఒకటుంది: రిలే ఎటు ఉందో ప్రోగ్రాముకు తెలుసు, లైటు వెలుగుతోందో లేదో తెలియదు, ఎందుకంటే అది కింది స్విచ్ మీద కూడా ఆధారపడి ఉంది. ఫోనులో లైటు స్థితి చూపించాలంటే వెలుతురును చూసే ఇంకో సెన్సర్ కావాలి. అమ్మ కింది స్విచ్చే వాడుతుంది, కాబట్టి అది ఇంకా పెట్టలేదు.